మా రోజుల్లో ‘కాదు’ అంటే పల్లె అంతా కాదనేది

మా సంఘం పిలకాయల ఫోన్లు తెల్లారకముందే మోగుతాయి. ఒక్కొక్కడు ఒక్కొక్క వాక్యం స్టేటస్‌లో పెడతాడు. వెనకాల ఉదయించే సూర్యుడు, పక్కన ఎగిరే పావురం. మోటార్ సైకిల్ ముందు దేవుని పేరుతో స్టిక్కర్, క్రిస్మస్ వస్తే వీధి పొడుగునా ఫ్లెక్సీలు, మైకు పెడితే మూడూళ్ళకు వినపడే పాటలు. ఇంత విశ్వాసం చూసి నాలాంటి ముసలోడు మురిసిపోవాలి. కానీ అదే పిలకాయ కాలేజీ స్నేహితుడి పుట్టినరోజని అర్ధరాత్రి నడిరోడ్డు మీద కేకు కోసిన తర్వాత, చేతికి ప్లాస్టిక్ గ్లాసు ఇస్తే, ‘నాకొద్దురా, నేను తాగను’ అనలేడు. నోరు పెగలదు. క్యాంటీన్లో అన్నం ముందు కూర్చుని కళ్ళు మూసుకోవాలంటే అటూ ఇటూ చూస్తాడు. ఎవరైనా చూస్తున్నారనిపిస్తే తల గోక్కున్నట్టు నటించి తినేస్తాడు.

నాకు కోపం వస్తుంది. దాచుకోను. ఈ తీరంలో మా పెద్దలు ‘కాదు’ అన్న ఒక్క మాటకు నీళ్ళు పోగొట్టుకున్నారు, మేర గింజలు పోగొట్టుకున్నారు, దెబ్బలు తిన్నారు. వాళ్ళ మునిమనవళ్ళు గ్లాసు పక్కకు జరపలేకపోతున్నారు.

మా రోజుల్లో ఎట్టా ఉండేదో చెబుతాను. నేను అల్లూరు పక్క పల్లెలో పుట్టాను. సాయంత్రం దీపం పెట్టగానే గుడి గంట కొట్టేవాళ్ళు. గుడి అంటే పూరి పాకే. నేలంతా సముద్రపిసక. గంట విన్నాక పల్లెలో ఏ ఇంటి నుంచి ఎవరు రాలేదో అందరికీ తెలిసిపోయేది. మా జేజి కూర్చున్నచోటు నుంచే లెక్క చూసేది. రానోడి ఇంటికి ప్రార్థన అయ్యాక నలుగురు పోయేవాళ్ళు. జ్వరమా, అలకా, లేక సారా కొట్టు దగ్గర ఉన్నాడా అని అడిగేవాళ్ళు. ఇప్పటి పిలకాయలకు ఇది నిఘాలాగా అనిపిస్తుంది. అనిపించనీ. ఆ నలుగురు తలుపు తడతారని తెలిసిన మనిషి సారా కొట్టు ముందు ఆగడానికి వెనకాడేవాడు. ఆగమని లాగే స్నేహితులకు కూడా అది తెలుసు, అందుకే గట్టిగా లాగేవాళ్ళు కాదు.

బళ్ళో మమ్మల్ని వెక్కిరించేవాళ్ళు. ‘కిరస్తానీ’ అని ఒక రాగం తీసి పిలిచేవాళ్ళు. మాకది కొత్త కాదు, మా నాయనలనూ అట్టాగే పిలిచారు. పదిమందిమి కలిసి పోయేవాళ్ళం, పదిమందిమి కలిసి వచ్చేవాళ్ళం. వెక్కిరింత పదిమందికీ సమానంగా పంచబడేది గనక ఎవరికీ పెద్దగా నొప్పి తెలిసేది కాదు.

అయితే ఈ ధైర్యం మాతో మొదలు కాలేదు. మా కంటే ముందు తరాల వాళ్ళు తమ ఒళ్ళు హూనం చేసుకుని మాకిచ్చారు. ఆ సంగతి ఇవాళ ఏ యూత్ మీటింగ్‌లోనూ ఎవరూ చెప్పరు. గిటారు వాయిస్తారు, అమెరికాలో జరిగిన సాక్ష్యాలు చెబుతారు. కనిగిరి చెప్పరు, ఒంగోలు చెప్పరు, నెల్లూరు చెప్పరు.

నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో మొదలైంది. శామ్యూల్ డే దొర వచ్చి కాపురం పెట్టాడు. ఆ సెప్టెంబర్‌లోనే పెన్నా నదిలో మొదటి తెలుగు విశ్వాసికి బాప్తిస్మం ఇచ్చారు. తర్వాత పాతికేళ్ళు చూస్తే ఫలితం పిడికెడు కూడా లేదు. అమెరికాలో పెద్దలు ఈ మిషన్ మూసేద్దామని ఒకటికి రెండు సార్లు అనుకున్నారు. 1853లో ఆల్బనీలో జరిగిన సభలో, పటం మీద ఒంటరి చుక్కలాగా ఉన్న నెల్లూరును చూసి, శామ్యూల్ ఎఫ్. స్మిత్ అనే కవి ఆ ఒంటరి నక్షత్రం మీద పద్యం రాశాడు. మూసేయాలన్న మాట అప్పటికి ఆగింది. ‘లోన్ స్టార్’ అనే పేరు ఈ మిషన్‌కు అట్టా వచ్చింది. ఆ మరుసటి ఏడాదే, 1854 జనవరి 1న తెల్లవారుజామున, లైమన్ జూయెట్ దొర, దొరసాని, వాళ్ళతో నెల్లూరు నుంచి వచ్చిన క్రిస్టియన్ నర్సు అనే పేరుగల ఆయన, జూలియా, రూతు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు. మొత్తం ఐదుగురు. చుట్టూ కనుచూపు మేర ఊళ్ళున్నాయి, ఆ ఊళ్ళలో వీళ్ళ మాట విన్నవాళ్ళు లేరు. ఐదుగురిలో ముగ్గురు మన వాళ్ళే, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. అప్పటి నెల్లూరు బజారులో క్రైస్తవురాలినని చెప్పుకుని తిరిగిన తెలుగు ఆడదానికి ఎన్ని మాటలు పడి ఉంటాయో మన ఆడపిల్లలు ఒకసారి ఆలోచించాలి. జూలియాను పుట్టినప్పుడు కనకమ్మ అనేవాళ్ళు. ఆ కొండను ఇవాళ ప్రార్థన కొండ అంటున్నాం, పిక్నిక్‌కు పోతున్నాం, సెల్ఫీలు దిగుతున్నాం.

ఆ తర్వాత ఎర్రగుంట్ల పేరయ్య. ఈ పేరు తెలియని తెలుగు బాప్టిస్టు ఉండకూడదు. ఆయన మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. అంతకు ముందే గురువుల దగ్గర యోగం నేర్చి, దేవుడు ఒక్కడే అన్న దారిలో నడుస్తున్న మనిషి. వ్యాపారం మీద ఏలూరు పోయినప్పుడు అక్కడ అలెగ్జాండర్ దొర నోట యేసు మాట విన్నాడు. 1866లో ఆయనకూ ఆయన భార్య నాగమ్మకూ జూయెట్ దొర బాప్తిస్మం ఇచ్చాడు. అప్పుడు ఒంగోలు, కనిగిరి అన్నీ నెల్లూరు జిల్లాలోవే. పేరయ్య ఇంటికి పోయి ఊరుకోలేదు. తోళ్ళ బేరానికి పోయిన ఊళ్ళకే మళ్ళీ పోయాడు, ఈసారి వేరే మాట చెప్పడానికి. 1867 జనవరిలో, ఒంగోలులో ఉంటున్న మిషనరీ క్లౌ దొర పేరయ్య ఊరు తాళ్ళకొండపాడు పోయేసరికి, చుట్టుపక్కల పల్లెల నుంచి మనుషులు గుడ్డల మూట, తిండి మూట కట్టుకుని వచ్చి ఎదురు చూస్తున్నారు. నాలుగైదు రోజులు ఉండి నేర్చుకునే పోతామని సిద్ధమై వచ్చారు. చింతతోపులో వాళ్ళకు బోధ జరిగింది. 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

క్లౌ దొర వాళ్ళకు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలను పూజించొద్దు. వినడానికి ఎంత సులువుగా ఉన్నాయి! అప్పటి పల్లెలో ఈ మూడింటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క యుద్ధం. మాదిగ బతుకు మొత్తం ఊరి పనితో ముడిపడి ఉంది. రైతుకు చెప్పులు కుట్టాలి, మోటకు తోలు తొడగాలి, కోతల్లో కబురొస్తే పోవాలి, జాతరలో డప్పు కొట్టాలి, చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవాలి. దానికి బదులు కళ్ళంలో మేర కొలిచి ఇచ్చేవాళ్ళు. కోతల ముమ్మరంలో ఆదివారం రామని అంటే రైతుకు కోపం. డప్పు కొట్టం అంటే ఊరంతటికీ కోపం. డప్పు లేకుండా జాతర జరగదు, జాతర జరగకపోతే కలరా వస్తుందని భయం. ఆ భయం కూడా నిజమైన భయమే, దాన్ని నేను తక్కువ చేయను. కరణం, మునసబు పిలిపించి అడిగేవాళ్ళు. వినకపోతే బావి మూసేవాళ్ళు, కొట్లో ఉప్పు పుట్టేది కాదు, చాకలి రాడు, కుమ్మరి కుండ ఇవ్వడు, మేర ఆగిపోతుంది, దొంగతనం కేసు వచ్చి పడుతుంది. కొట్టడం సరే సరి.

ఊరి వాళ్ళ ఒత్తిడి ఒకటైతే, సొంత పల్లెలో మారని వాళ్ళ ఒత్తిడి ఇంకొకటి. ‘మీ నలుగురి వల్ల మా మేర కూడా పోతోంది, ఒక్క రోజు డప్పు పట్టుకుంటే చేయి అరిగిపోతుందా’ అని అన్నదమ్ములు, బావమరుదులు కాళ్ళు పట్టుకునేవాళ్ళట. మా జేజి ఈ మాట దగ్గరికొచ్చేసరికి గొంతు మార్చి చెప్పేది. తిట్టే మునసబును కాదనొచ్చు, బతిమాలే తమ్ముణ్ణి కాదనడం కష్టం అనేది. అయినా డప్పు పట్టలేదు. అట్టాగని జాతర జరిగే రోజు పోయి జాతరను తిట్టలేదు. వాళ్ళ దేవతను మాటనలేదు. తమ ఇంట్లో తలుపు వేసుకుని ప్రార్థన చేసుకున్నారు. మర్నాడు పొలం పనికి పోయి రైతు దగ్గర తలొంచుకుని నిలబడి, మళ్ళీ ఆదివారం రాము అనే చెప్పారు.

ఇది ఇప్పటి పిలకాయలకు ముఖ్యంగా చెప్పాలి. ఫోన్లో ఎదుటివాడి దేవుణ్ణి ఎగతాళి చేసే వీడియో పంచుకుని, దాన్ని ధైర్యంగా సాక్ష్యమివ్వడం అనుకుంటున్నారు కొందరు. ఇంట్లో కూర్చుని కనపడని మనిషిని తిట్టడంలో ఏం ఖర్చయింది? మన పక్కింటి సుబ్బమ్మత్త గుడికి పోతుంది, వరదొచ్చినప్పుడు మనకు కూడు వండిపెట్టింది. ఆమె మనసు కష్టపెట్టి సంపాదించే ధైర్యం మా పెద్దలు నేర్పింది కాదు. వాళ్ళ ధైర్యం తాము చేయనిదాన్ని చేయం అని చెప్పడంలో ఉంది, ఆ చెప్పినందుకు వచ్చిన బాధను మోయడంలో ఉంది.

ఒత్తిడి దొరల మీదా వచ్చింది. క్లౌ దొర ఒంగోలు వచ్చిన కొత్తల్లో పెద్ద కులాల పిల్లలు ఆయన బడికి వచ్చేవాళ్ళు, వాళ్ళ తండ్రులు మర్యాదగా ఉండేవాళ్ళు. పేరయ్య వెంట మాదిగలు రావడం మొదలవగానే ఆ పెద్దలు మాట తేల్చారు. వీళ్ళను చేర్చుకుంటే మేము రాము అన్నారు. బ్రాహ్మణులు వస్తే ఊరంతా వస్తుందని అప్పట్లో మిషన్లలో చాలామంది నమ్మకం. దొర ఒక గదిలో, దొరసాని ఒక గదిలో ఎవరికి వారు బైబిలు తెరిస్తే, ఇద్దరికీ మొదటి కొరింథీయుల పత్రిక మొదటి అధ్యాయంలో బలహీనులను దేవుడు ఏర్పరచుకున్న మాటే కనపడిందని ఆయన తర్వాత రాసుకున్నాడు. వచ్చిన వాళ్ళను చేర్చుకున్నాడు. బడి ఖాళీ అయింది. గౌరవనీయులైన పదిమంది మెప్పును వదులుకోవడం దొరకైనా తేలిక కాదు. ఇవాళ మన సంఘాల్లో పెద్ద కారు దిగిన వాడికి ముందు వరుసలో కుర్చీ వేసే పెద్దలు ఈ కథను కుర్చీ వేసే ముందు తలుచుకోవాలి.

ఇంకొక సంగతి. 1876 నుంచి 1878 దాకా ఈ దేశం ఎండిపోయింది. కరువు. ఈ తీరం వెంబడి బకింగ్‌హాం కాలువ తవ్వకం కరువు పనిగా పెట్టారు. క్లౌ దొర మూడున్నర మైళ్ళు కంట్రాక్టు తీసుకుని, మేస్త్రీల మోసం లేకుండా జనానికి కూలి ఇప్పించాడు. మా జేజి తండ్రి పిల్లవాడుగా ఉన్నప్పుడు ఆ కాలువ మట్టి తట్టలు మోశాడని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. పనిలో ఉన్న వేలమంది మేము చేరతాం, బాప్తిస్మం ఇవ్వండి అన్నారు. దొర ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఆపాడు. కూలి కోసం, గింజల కోసం వచ్చారన్న మాట ఎవరూ అనకూడదని, వాళ్ళ విశ్వాసం కడుపు నిండిన తర్వాత కూడా నిలబడుతుందో లేదో చూడాలని. కూలి పనులు అయిపోయాయి, వానలు పడ్డాయి, ఇక ఇవ్వడానికి ఏమీ లేదన్నాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మన ముత్తాతలు బియ్యానికి అమ్ముడుపోయారని ఎవరైనా క్లాసులో అంటే మన పిలకాయ తల దించుకుంటాడు. ఈ ఏడాది పాటు ఆపిన సంగతి తెలిసుంటే తల ఎత్తి చెప్పేవాడు. మనం నేర్పలేదు గనక వాడికి తెలియదు.

ఇక ఆ కాలువ సంగతి. మా చిన్నప్పుడు అందులో పడవలు పోయేవి. ఉప్పు, సరుగుడు కట్టెలు మద్రాసుకు పోయేవి. ఇప్పుడు చాలా చోట్ల పూడిపోయి, నాచు పట్టి ఉంది. కాలువకు అటూ ఇటూ రొయ్యల గుంటలు. ఆ గుంటల వల్ల పల్లెల్లో డబ్బు కనపడింది, అది మంచిదే, మేడలు లేచాయి, పిల్లలు ఇంజనీరింగ్ చదివారు. అయితే కౌంటు వచ్చింది, రేటు ఉంది, బయ్యర్ లారీ ఆదివారమే పంపుతానన్నాడంటే మన విశ్వాసి ఏం చేస్తున్నాడు? ఆదివారం తెల్లారకుండానే వల దించుతున్నాడు. గుంట ఖాళీ చేసి, ఐసు పెట్టి, లారీ పంపి, సాయంత్రం పాస్టరు గారికి కానుక కవరు ఇస్తున్నాడు. సోమవారం పట్టండయ్యా, ఆదివారం నేను రాను అని బయ్యర్‌కు చెప్పి చూసిన వాళ్ళు ఎంతమంది? నాకు తెలిసిన రైతు ఒకాయన చెప్పాడు. బయ్యర్ మొదట విసుక్కున్నాడు. రెండో పంటకు, ఆయన గుంట సోమవారమే పట్టాలని తనే రాసిపెట్టుకున్నాడు. రేటు పడిపోయిన రోజులూ ఉన్నాయి, నష్టపోయిన రోజులూ ఉన్నాయి, అది కూడా ఆయనే చెప్పాడు. రోగం సోకి రాత్రికి రాత్రి రొయ్య తేలిపోతుంటే అది వేరు, బావిలో పడ్డ ఎద్దును విశ్రాంతి దినాన తీయొచ్చని ప్రభువే అన్నాడు. ప్రతి ఆదివారమూ ఎద్దు బావిలో పడదు.

సముద్రం ఒడ్డున పట్టపుపాళేల సంగతి ఇంకా గట్టిది. జువ్వలదిన్నె, తుమ్మలపెంట, ఇస్కపల్లి, మైపాడు, ఇట్టా తీరం పొడుగునా ఉన్న పాళేల్లో కాపుల మాటే, అంటే పాళెం పెద్దల మాటే చట్టం. వాళ్ళు దురాయి వేశారంటే ఇంక ఆ ఇంటితో ఎవరూ మాట్లాడరు, పడవ ఎక్కించుకోరు, వల పంచుకోరు. సముద్రంలో ఒక్కడే వేట చేయలేడు గనక దురాయి అంటే ఆకలి. అట్టాంటి పాళెంలో ఒక మనిషిని నేను ఎరుగుదును. ఆయన ప్రభువును నమ్మిన తర్వాత గంగమ్మ కొలుపుకు పోతు ఇవ్వనన్నాడు. కాపులు కూర్చున్నారు. ఆయన వాళ్ళ ముందు నిలబడి, ఊరి రేవుకు, వలల మరమ్మత్తుకు, చచ్చిపోయిన వాళ్ళ ఇళ్ళకు ఎంత వాటా వేస్తే అంతా ఇస్తాను, ఇంకొంచెం ఎక్కువే ఇస్తాను, పోతు మాత్రం ఇవ్వలేను అన్నాడు. గొంతు పెంచలేదు. కొన్నాళ్ళు ఆయనను పడవ ఎక్కించుకోలేదు. పీతలు పట్టి, గవ్వలు ఏరి బతికాడు. పక్క ఊరి సంఘం వాళ్ళు ఆ రోజుల్లో రాత్రిపూట బియ్యం మూటలు తెచ్చి ఆ ఇంటి ముందు దించిపోయేవాళ్ళు. ఆ మూటలు లేకపోతే ఆయన నిలబడేవాడో లేదో నేను చెప్పలేను. ఒక తుఫాను తర్వాత వాళ్ళంతట వాళ్ళే పిలిచి పడవ ఎక్కించుకున్నారు.

ఆ బియ్యం మూటల దగ్గరే నా మాట మొత్తం ఉంది. మేము మా రోజుల్లో ధైర్యవంతులం అని నేను అనడం లేదు. ఇవాళ్టి పిలకాయ పిరికివాడని అసలు అనడం లేదు. కాదన్న మనిషి వెనక ఆ రోజుల్లో కాదన్న పల్లె ఉంది. 1992లో ఇదే నెల్లూరు జిల్లాలో దూబగుంట ఆడవాళ్ళు ఏం చేశారో చూశాం కదా. అక్షరదీపం బడిలో సీతమ్మ కథ చదువుకుని, సారా వేలం పాటలు ఆపారు. అంతకు ముందు ఒక్కొక్క ఇల్లాలు తాగొద్దని చెప్పి మొగుడి చేత దెబ్బలు తిన్నదే. రోశమ్మ లాంటి వాళ్ళు ముందు నడిచి అందరినీ ఒకచోట నిలబెట్టారు, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం అయింది. మతాలన్నీ కలిసిన ఆడవాళ్ళు వాళ్ళు. మన యువజనులకు ఇంత దగ్గర పాఠం ఉంది, కాళ్ళ దగ్గరే ఉంది.

దానియేలు కథ చెప్పేటప్పుడు కూడా బోధకులు సింహాల గుహ ఒక్కటే చెబుతారు. మొదటి అధ్యాయం సరిగ్గా చదవండి. రాజు బల్ల మీది తిండి వద్దన్నప్పుడు వాళ్ళు నలుగురు. పరాయి దేశంలో, చిన్న వయసులో, పేర్లు కూడా మార్చేసిన చోట, నలుగురూ కలిసి కూరగాయలు తిని నిలబడ్డారు. అగ్నిగుండం దగ్గర ముగ్గురు. వాళ్ళు హాస్టల్ పిలకాయలే.

ఇప్పుడు మన హాస్టల్ పిలకాయను చూడండి. పదో తరగతి అయిపోగానే నెల్లూరులో రెసిడెన్షియల్ కాలేజీలో పడేస్తాం. అక్కడ ఆదివారం కూడా పరీక్ష. రెండేళ్ళు గుడి మొహం చూడడు. అడిగే ధైర్యం మనకుందా? ర్యాంకు పోతుందని మనమే ఊరుకుంటాం. తర్వాత చెన్నై, బెంగళూరు. గదిలో నలుగురు, ముగ్గురికి ఈ విశ్వాసం లేదు, నాలుగోవాడు మనవాడు, ఒంటరి. బెట్టింగ్ యాప్‌లో వెయ్యి పెట్టమంటారు. పరీక్షలో చీటీ అందించమంటారు. ఆడపిల్లల మీద ఆ మాటలు, ఆ వీడియోలు. ‘ఏంరా ఫాదర్, స్వామీజీ’ అని పేర్లు పెడతారు. వాడికి పంతొమ్మిదేళ్ళు. ఊరి నుంచి మనం ఫోన్ చేసి ‘ధైర్యంగా ఉండు నాయనా, దేవుడున్నాడు’ అంటాం. దేవుడున్నాడు. మనం ఎక్కడున్నాం? చెన్నైలో తెలుగు సంఘాలున్నాయి, బెంగళూరులో ఉన్నాయి. మన పిల్లవాడు ఫలానా చోట దిగాడని ఒక్క చీటీ రాసి ఆ ఊరి పాస్టరు గారికి పంపామా? మా రోజుల్లో సభ్యుడు ఊరు మారితే సంఘం నుంచి పత్రం పట్టుకునే పోయేవాడు. అది చూపించాకే కొత్త సంఘంలో ప్రభువు బల్ల. ఆ పత్రం ఏమైంది?

కాలేజీని ఎందుకు, మన ఇళ్ళనే చూద్దాం. పెళ్ళికి కట్నం తీసుకుంటాం. అందరూ తీసుకుంటున్నారు అంటాం. గుట్టుగా పంచాంగం చూపించుకుని, ఆషాఢం కాకుండా, రాహుకాలం తప్పించి, గుడిలో పదకొండు గంటల ఆరాధన అని కార్డు వేస్తాం. చుట్టాలేమనుకుంటారో అని. సంబంధం వెతికేటప్పుడు మొదట అడిగేది కులం. ఒక బల్ల దగ్గర రొట్టె విరిచిన వాళ్ళం, పిల్లనిచ్చే దగ్గర మాల అంటాం, మాదిగ అంటాం, రెడ్డి అంటాం. ఇది చూస్తూ పెరిగిన పిల్లవాడికి, పదిమంది చేసేది మనమూ చేయాలి అన్న పాఠం ఇంట్లోనే వచ్చేసింది. వాడు ఆ పాఠాన్ని కాలేజీలో అప్పజెబుతున్నాడు.

ఒక్క విషయంలో నేను పిలకాయలను ఏమీ అనను. సర్టిఫికెట్. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా హిందువుకే. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవుడైన దళితుడికి ఈనాటికీ లేదు. మన రాష్ట్రంలో అట్టాంటివాణ్ణి బీసీ-సి కింద చేర్చారు, దానికున్నది ఒక్క శాతం. పల్లె అదే, చేసే పని అదే, బావి దగ్గర పడే మాట అదే, కాగితం మీద మాత్రం మనిషి మారిపోయాడు. ఉద్యోగం కావాలి, చదువు సీటు కావాలి, చెల్లెలి పెళ్ళి కావాలి అనుకునే ఇరవై ఏళ్ళ వాడి ముందు ప్రభుత్వం పెట్టిన ఒత్తిడి ఇది. స్నేహితుడు గ్లాసు చేతికివ్వడం లాంటిది కాదు. కొందరు ఉన్నదున్నట్టు బీసీ-సి రాయించుకుని సీటు పోగొట్టుకున్నారు, వాళ్ళకు నేను లేచి నిలబడి వందనం చెబుతాను. కాగితం మీద ఒకటి, గుడిలో ఒకటిగా బతుకుతున్న వాడు ప్రతి సాక్ష్యంలో గొంతు తగ్గించుకుంటాడు, ఎవరు వింటున్నారో అని చూస్తాడు. వాణ్ణి చూస్తే నాకు కోపం రాదు, ఆ ఉత్తర్వు మీద కోపం వస్తుంది. దాన్ని మార్చమని పెద్దలు సుప్రీంకోర్టుదాకా పోయి అడుగుతూనే ఉన్నారు. వేదిక మీద నిలబడి ఆ కుర్రాళ్ళను ‘నులివెచ్చని వాళ్ళు’ అని గద్దించే బోధకులు, ముందు ఆ పోరాటంలో ఒక సంతకం పెట్టి రావాలి.

మే నెల అయిపోతే కాలేజీలు తెరుస్తారు. ఈ లోపల ప్రతి సంఘం ఒక పుస్తకం తీయాలి. ఏ పిల్లవాడు, ఏ పిల్ల, ఏ ఊరు, ఏ హాస్టల్, అక్కడికి దగ్గర ఏ సంఘం, ఆ పాస్టరు గారి నంబరు. ఒకే ఊరికి పోయేవాళ్ళు ఇద్దరుంటే వాళ్ళను ఒకే గదిలో ఉంచే ప్రయత్నం చేయాలి. చేరిన మొదటి ఆదివారమే ఇక్కడి పెద్ద ఒకరు పోయి వాళ్ళను అక్కడి గుడికి తీసుకుపోవాలి. బస్సు ఛార్జీ సంఘం చందాలోంచి ఇవ్వాలి, ఈసారి ఫ్లెక్సీలు వేయకపోయినా ఫరవాలేదు. హాస్టల్లో తాగనన్నందుకు, చీటీ ఇవ్వనన్నందుకు గది ఖాళీ చేయాల్సి వస్తే ఆ పిల్లవాడికి అద్దె గది మనమే చూసి పెట్టాలి. ఆ పాళెం మనిషికి బియ్యం మోసినట్టే ఇది కూడా మోయాలి. మా సంఘంలో ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఈ మాట నేనే లేచి అడుగుతాను. చెన్నై పోయే మొదటి ఇద్దరి వెంట పోవడానికి నా పేరే ముందు రాయమంటాను. మోకాళ్ళు నొప్పులున్నాయి, అయినా కావలిలో రైలెక్కితే చెన్నై ఎంతసేపు.